తోట ఇంటిని సెలవు విడిదిగా ఇవ్వాలంటే: చిత్తూరు, తిరుపతి కొండవాలు యజమానులకు అంచెలవారీ మార్గదర్శి

తోటలో ఖాళీగా ఉన్న ఇంటిని చెన్నై, బెంగళూరు కుటుంబాలకు రెండు మూడు రోజుల విడిదిగా ఇవ్వాలనుకునేవారు తరచుగా అడుగుతుంటారు గనుక ఇది రాస్తున్నాను. వారిలో చాలామంది మొదట గోడల రంగు గురించి, ఉయ్యాల గురించి, ఈత తొట్టి గురించి అడుగుతారు. అవి చివరి పనులు. నీరు, కరెంటు, దారి, రాత్రి భద్రత, నమ్మకంగా అక్కడే ఉండే మనిషి అనే ఐదూ కుదరకుండా ఉయ్యాల కట్టినవారి ఇళ్లకు అతిథి రెండోసారి రాడు.

మామిడి తోట, రెండు పడక గదులు, ఎక్కువలో ఎక్కువ 8 మంది అతిథులు అనే లెక్కతో ఈ వరుస రాశాను. జూలైలో కాపు దిగాక పని మొదలుపెట్టి, అక్టోబరు వానలు రాకముందే మట్టి పనులన్నీ ముగించి, ఆ వానల్లో దారి ఎలా నిలుస్తుందో కళ్లారా చూసుకొని, జనవరి తర్వాత తొలి అతిథులను పిలవడం మంచిది.

1. ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, మీరు ఆ ఇంట్లోనే ఉంటారా, లేక ఇల్లు మొత్తం అప్పగిస్తారా అన్నది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం యజమాని కుటుంబం అక్కడే నివసించే ఇళ్లకు, 1 నుంచి 6 గదుల వరకు వర్తిస్తుంది. మీరు తిరుపతిలో ఉంటూ తోట ఇంటిని అద్దెకివ్వడం వేరే వ్యవహారం. రెండింటికీ కాగితాలు ఒకటి కావు కనుక, జిల్లా పర్యాటక కార్యాలయంలోనూ పంచాయతీలోనూ మీ ఏర్పాటు ఏదో స్పష్టంగా చెప్పి అడగండి. వ్యవసాయ భూమిలో ఇల్లు ఉంటే దాని వాడకం గురించి రెవెన్యూ కార్యాలయంలో కూడా విచారించాలి.

రెండోది, ఈ ఏటి కాపు ఎవరిది అన్నది. మన వైపు చాలా తోటలు పూత మీదో పిందె మీదో వ్యాపారికి గుత్తకు పోతాయి. గుత్తకు ఇచ్చిన తోటలో అతిథుల పిల్లలు నాలుగు కాయలు కోస్తే తగువు మీ మెడకు చుట్టుకుంటుంది. అందువల్ల ఇంటి చుట్టూ ఆరేడు చెట్లను, వీలైతే ఒక బేనీషా, ఒక ఇమాంపసందు, ఒక మల్గూబ కలిసేలా, గుత్త ఒప్పందం నుంచి మినహాయించుకొని, ఆ మాటను కాగితం మీద రాయించుకోండి. ఆ చెట్ల మొదళ్లకు సున్నం పట్టీ వేస్తే కాపలాదారుకూ అతిథికీ మళ్లీ చెప్పే పని ఉండదు.

మూడోది లెక్కల సంగతి. అతిథుల నుంచి వచ్చే అద్దె తోటలో వచ్చినదైనా వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, కాబట్టి దానికి వేరే ఖాతా పుస్తకం పెట్టండి. సేవల మీద ఏటా 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే, వారు మన బంధువులే అయినా, 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వారి వివరాలు అధికారులకు తెలపాలి. అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడి కుటుంబం విషయంలో ఈ నియమాన్ని మరచిపోయేవారే ఎక్కువ.

2. నీరు

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి, ఎందుకంటే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి.

పట్టణ గృహాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రామాణికమైన లెక్క. ఆ లెక్కన 8 మందికి 1,080 లీటర్లు కావాలి. సెలవుకు వచ్చినవారు రెండు పూటలా స్నానం చేస్తారు, దుప్పట్లు ఉతకాలి, కాపలా కుటుంబం వాడకం ఉంటుంది. అన్నీ కలిపితే 1,600 నుంచి 1,800 లీటర్ల వరకు అవుతుంది. మిద్దె మీద ఒక రోజుకు, కింద సంపులో మరో రోజుకు నిల్వ ఉండాలి.

వ్యవసాయ సర్వీసుకు పగటిపూట ఉచితంగా వచ్చేది 9 గంటల కరెంటు. అది సేద్యానికి ఇచ్చింది, విడిదికి కాదు. మొదటి ఏడాది నేను తోట మోటారునే నమ్ముకున్నాను, అది నా తప్పే. మే నెలలో ఒక సాయంత్రం త్రీఫేజు ఆగిపోయాక, ట్యాంకు కింది వాల్వు డ్రిప్పు వైపు తెరిచి ఉండిపోయిందని తెలియక, తలకు షాంపూ రుద్దుకున్న పెద్దాయన ఒకరు కుళాయి తిప్పి, ఖాళీ గొట్టం గాలి బుసకొట్టడం విని, తువ్వాలు కట్టుకొని బయటికి వచ్చారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. బావిలోంచి రెండు బకెట్లు తోడి ఇచ్చాను. మర్నాడే ఇంటి నీటిని తోట నీటి నుంచి పూర్తిగా వేరు చేశాను.

చేయవలసిన వరుస ఇది:

- ఇంటి కరెంటు సర్వీసు మీద ఇంటికి మాత్రమే ఒక చిన్న మోటారును బావికో వేరే బోరుకో పెట్టించాలి.
- ఇంటి ట్యాంకు నుంచి డ్రిప్పుకు గాని, పశువుల తొట్టికి గాని గొట్టం వెళ్లకూడదు.
- ఇంటి వాల్వులకు నీలం, తోట వాల్వులకు ఎరుపు రంగు వేయాలి. చీకట్లో టార్చి వేసినా తేడా తెలియాలి.
- నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. తాగునీటి ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. దాటితే వడపోత యంత్రం, లేదా తాగడానికి క్యాన్లు.
- మరుగుదొడ్డి నీరు ఇంకే గుంత, బోరుకూ బావికీ కనీసం 60 అడుగుల దూరంలో, పల్లం వైపు ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎంతసేపు ఆగకుండా నీళ్లు ఇస్తుందో వాచీ పెట్టుకొని చూసి రాసుకోండి. ఆ వేసవి లెక్కను బట్టి ఎంతమందిని దించుకోవాలో నిర్ణయించాలి, గదుల సంఖ్యను బట్టి కాదు.

3. కరెంటు

రెండు ఏసీలు, రెండు గీజర్లు, మోటారు ఒకేసారి నడిచినా తట్టుకునేలా మంజూరు లోడు ఉండాలి. గీజరు ఒక్కటే 2 కిలోవాట్లు లాగుతుంది కనుక, ఈ ఇంటికి 8 కిలోవాట్లకు తక్కువ పెట్టుకోవద్దు. సౌర గీజరు పెడితే ఈ భారం చాలా తగ్గుతుంది.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ స్విచ్చు తప్పక ఉండాలి. తడి చేత్తో స్విచ్చు ముట్టుకునే పిల్లలున్న ఇంట్లో దీని ఖర్చు గురించి ఆలోచించకూడదు. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, దీపాలు, వైఫై, వరండా లైటు ఉంటే చాలు. నాలుగు తక్కువ వాటేజీ ఫ్యాన్లు, ఎల్ఈడీ దీపాలు కలిపి 200 వాట్లు అనుకుంటే, మంచి స్థితిలో ఉన్న 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి 5 గంటలు నడిపిస్తుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912ను బోర్డు పక్కనే అతికించండి.

4. దారి

రాత్రి 9 గంటలకు కొత్త కారులో వచ్చే అతిథి కళ్లతో మీ దారిని ఒకసారి చూడండి. మీరు ట్రాక్టరులోనో బైకు మీదో పోతారు కాబట్టి గుంత మీకు కనిపించదు. తక్కువ ఎత్తున్న కారును అద్దెకు తెచ్చుకొని అయినా సరే, తారు రోడ్డు నుంచి గేటు వరకు మీరే నడపండి. కారు అడుగు భాగం నేలకు తగిలిన ప్రతిచోటా గ్రావెల్ పోయించాలి.

వంక దాటవలసిన చోటు ఉంటే అక్కడ పైపులు వేసి కల్వర్టు కట్టించాలి. అది లేకపోతే నవంబరులో బుకింగులు తీసుకోవద్దు. మడమ మునిగేంత నీరే అని మీరు అనుకున్న చోటనే కొండ మీద వాన పడిన అరగంటకు కారు కొట్టుకుపోయేంత పారుతుంది.

ఫోను మ్యాపు ఎడ్లబండి బాటను కూడా రోడ్డుగా చూపిస్తుంది. అందువల్ల చివరి మలుపు నుంచి గేటు వరకు గుర్తులతో వాయిస్ సందేశం రికార్డు చేసి, తెలుగు, తమిళం, కన్నడంలో ముందురోజే పంపండి. జూన్, జూలైలలో వచ్చేవారికి ఇంకొక హెచ్చరిక కావాలి. దామలచెరువు మండీ వైపు, గుజ్జు ఫ్యాక్టరీల వైపు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి గనుక గంట సమయం అదనంగా పెట్టుకొని బయలుదేరమనాలి.

5. పాములు, బావులు, ఏనుగులు

అతిథి ఈ విషయం అడగడు, కానీ రాత్రి పడుకున్నాక ఆలోచించేది దీని గురించే. దాచిపెట్టకుండా, భయపెట్టకుండా చెప్పాలి.

పాము ఇంటికి వచ్చేది ఎలుక కోసం. కాబట్టి ఇంటి గోడలకు 30 అడుగుల లోపు కట్టెల మోపు, పాత ఇటుకల కుప్ప, వడ్ల తవుడు, కోళ్ల గూడు ఉండకూడదు. తూములకు సన్నని జాలీ, తలుపుల కింద రబ్బరు పట్టీ వేయించండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, ఆ కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. అందువల్ల ఎంతమంది వచ్చినా నేల మీద పరుపులు వేయవద్దు, మంచాలు చాలినంతమందినే తీసుకోండి. రాత్రి బయటికి వెళ్లేందుకు తలుపు పక్కనే ఛార్జి చేసిన రెండు టార్చిలు, రెండు సైజుల బూట్లు ఉంచాలి.

కాటు పడితే చేయవలసింది కాపలాదారుకు కంఠతా రావాలి: మనిషిని కదలనివ్వకపోవడం, ఉంగరాలు, గాజులు తీసేయడం, 108కి ఫోను చేయడం, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడం. కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం చేయరాదు. తిరుపతి చుట్టుపక్కల వారికి రుయా ఆసుపత్రి ఉంది. మీ తోటకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మందు నిల్వ ఉందో లేదో ప్రతి మూడు నెలలకొకసారి మీరే వెళ్లి కనుక్కోండి.

బావి చుట్టూ నాలుగు అడుగుల గోడ, పైన ఇనుప జాలీ, దానికి తాళం ఉండాలి. నీటి కుంట ప్లాస్టిక్ షీటు మీద కాలు జారితే ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. కుంటకు కంచె వేసి, లోపలికి ముడులు వేసిన తాడు ఒకటి, గాలి నింపిన ట్యూబు ఒకటి ఎప్పుడూ వేలాడదీయండి.

పలమనేరు, కుప్పం, బంగారుపాళ్యం, చంద్రగిరి వైపు తోటలవారికి ఏనుగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పండిన పనస వాసన వాటిని దూరం నుంచే రప్పిస్తుంది కనుక, ఇంటి దగ్గరి పనస కాయలను పండకముందే దించేయాలి. మంద తిరుగుతున్న కబురు అటవీ సిబ్బంది నుంచి వచ్చిన రోజున బుకింగు రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వండి. పక్క తోటవారు ఎవరు చేసినా సరే, కంచెకు నేరుగా కరెంటు పెట్టవద్దు. అది నేరం, పైగా మనుషులు పోతారు. శేషాచలం అంచున ఉన్నవారు అతిథుల పెంపుడు కుక్కను రాత్రి ఇంట్లోనే ఉంచమని ముందే చెప్పాలి, ఎందుకంటే చిరుతకు కుక్క సులువైన ఆహారం.

ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుగడ్డి మధ్య చలిమంట వద్దు. వేయకతప్పదంటే ఇటుకల వలయంలో, చుట్టూ 15 అడుగుల నేల చెక్కి, రెండు బిందెల నీళ్లు పక్కన పెట్టుకొని వేయాలి.

6. తోట పని క్యాలెండరు, బుకింగుల క్యాలెండరు ఒక్కటే

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టాలి. సంక్రాంతి సెలవుల బుకింగులూ అప్పుడే వస్తాయి. ఒకే గోడ క్యాలెండరు మీద మందు రోజులను ఎర్ర సిరాతో, అతిథుల రోజులను నీలం సిరాతో రాయండి. ఎరుపుకు ఇరువైపులా, మందు డబ్బా మీద రాసిన వ్యవధి ఎంత ఉంటే అంత, కనీసం రెండు రోజులు ఖాళీ వదలాలి. పక్క తోటవాళ్ల మందు రోజులు కూడా అడిగి రాసుకోవాలి, గాలికి పొలిమేర లేదు కదా.

ఇక ద్రాక్ష. ఫోటోల కోసం వాకిట్లో ద్రాక్ష పందిరి వేయించి, దాని కింద భోజనాల బల్ల పెట్టేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. దక్షిణాదిన ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తారు. కత్తిరించాక పందిరి కొన్ని వారాలు కట్టెపుల్లల చట్రంలా ఉంటుంది. అంటే అతిథికి నీడ అవసరమైన ఏప్రిల్ ఎండలోనే నీడ పోతుంది. పైగా వాన, మంచు పట్టే రోజుల్లో బూజు తెగులుకు తరచూ మందు కొట్టాలి, ఆ మందు కిందనున్న బల్ల మీదనే పడుతుంది. నిజంగా ద్రాక్ష తోట ఉన్నవారు గుత్తులు పండే ఫిబ్రవరి, మార్చి నెలలకు బుకింగులు ప్రధానంగా పెట్టుకొని, కూర్చునే చోటును తీగలకు దూరంగా, వేప చెట్టు కింద ఏర్పాటు చేయడం మేలు. నీడ కోసమే అయితే ద్రాక్ష కంటే మల్లె తీగ, శంఖుపూల తీగ నయం.

మామిడి కోతను అతిథులకు చూపించాలంటే బేనీషాకు మే, తోతాపురికి జూన్, జూలై. తొడిమతో సహా కోయించండి. తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన పిల్లల పెదవులను, బుగ్గలను కాలుస్తుంది. కోసిన కాయను తలకిందులుగా పెట్టి సొన కార్చి, కడిగాకే చేతికివ్వాలి.

7. గదులు, పడకలు

ఇందులో చెప్పవలసింది కొంచెమే. కొత్త సామాను కంటే శుభ్రత ముఖ్యం. మంచానికి మూడు జతల తెల్ల దుప్పట్లు ఉండాలి, ఒకటి పరిచినది, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. కిటికీలకు దోమతెర, స్నానాల గదిలో జారని టైళ్లు, పెద్దవారి కోసం పాశ్చాత్య మరుగుదొడ్డి పక్కన చేతిపట్టీ ఉంటే చాలు. మొదటి బుకింగుకు ముందు మీరు కుటుంబంతో రెండు రాత్రులు అక్కడ పడుకొని, ఇబ్బంది అనిపించిన ప్రతిదీ కాగితం మీద రాసుకోండి.

8. భోజనం

అతిథి కోరేది మన ఇంటి వంటే, హోటలు మెనూ కాదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి, అలసంద వడలు, మజ్జిగ, ఇలా ఒకే వంటల జాబితాను ముందురోజు పంపి, ఎంతమందికో ఖాయం చేసుకొని వండించాలి. అక్కడికక్కడ ఏది అడిగితే అది చేస్తామని ఒప్పుకుంటే, వంట చేసే ఆవిడ రెండో నెలలో మానేస్తుంది. ఆహారం అమ్ముతున్నారు కనుక ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి.

తిరుమల వెళ్లేవారు చాలామంది కనుక రెండు విషయాలు ముందే చెప్పండి. దర్శనానికి ముందు రోజు చాలా కుటుంబాలు మాంసం ముట్టవు, కాబట్టి శాకాహార వంట సిద్ధంగా ఉండాలి. కొండ మీదికి మద్యం, సిగరెట్లు, మాంసం తీసుకెళ్లకూడదు, అలిపిరిలో కారు సోదా చేస్తారు. ముందురాత్రి మిగిలిన సీసా డిక్కీలో ఉండిపోకుండా చూసుకోమనాలి.

9. ధర, అడ్వాన్సు, నియమాలు

పక్కవారి ధర చూసి మీ ధర పెట్టవద్దు. ఉదాహరణకు కాపలాదారు జీతం, కరెంటు, ఇంటర్నెట్టు, మరమ్మతులు కలిపి నెలకు 36,000 రూపాయలు అవుతున్నాయనుకుందాం. శని, ఆదివారాలే నిండితే నెలకు 8 రాత్రులు. అంటే రాత్రికి 4,500. ఉతుకు, గ్యాసు, శుభ్రతకు 900 కలిపితే 5,400 దగ్గర మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ పైన వచ్చేదే మీది. నెలకు 20 రాత్రులు నిండుతాయన్న లెక్కతో ధర తగ్గించినవారు వానాకాలంలో చేతులెత్తేస్తారు.

తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వినాయక చవితితో మొదలయ్యే కాణిపాకం ఉత్సవాలు, మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో గిరాకీ ఎక్కువ. ఆ రోజులకు ధర పెంచుకోవచ్చు గాని, పెంచిన సంగతి ముందుగానే చెప్పాలి.

నియమాల కాగితం ఒక పేజీ దాటకూడదు:

- ఎంతమంది, ఎన్ని కార్లు, సాయంత్రం చూడటానికి వచ్చే బంధువులకు ఎంత రుసుము.
- రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు చట్టరీత్యా నిషిద్ధం. డీజే అసలే లేదు.
- మద్యం మేము అమ్మము, తెప్పించి ఇవ్వము. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే కేసు యజమాని మీద పడుతుంది.
- రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత వాపసు.
- ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు నకలు.

10. ఫోటోలు, వివరణ

ఉన్నదే చూపించండి. మే నెలలో గోధుమరంగుకు తిరిగే కొండను డిసెంబరు పచ్చదనంతో చూపితే, వచ్చినవారు గేటు దగ్గరే మొహం మాడ్చుకుంటారు. ఒకే చోటు నుంచి మూడు కాలాల్లో మూడు ఫోటోలు తీసి, నెల పేరు రాసి పెట్టాలి. తలకోన ఎంత దూరమో, చంద్రగిరి కోట ఎంత దూరమో కిలోమీటర్లలో కాక కారు ప్రయాణ నిమిషాల్లో, మీరే నడిపి చూసి రాయండి. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తున్నదే అయినా వేసవిలో నీటి ధార సన్నబడుతుందన్న మాట కూడా చేర్చాలి.

11. తరచుగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

కాపలాదారును జీతానికి మాత్రమే పెట్టుకోవడం: అతిథులు ఇచ్చే చిల్లర మీద అతను ఆధారపడితే వారిని వెంటపడి విసిగిస్తాడు. ప్రతి బుకింగుకూ మీరే కొంత అదనంగా ఇవ్వండి.

యజమాని ప్రతి గంటకూ వెళ్లి పలకరించడం: ప్రశాంతత కోసం వచ్చినవారికి అది బరువు. వచ్చినప్పుడొకసారి, మరునాటి ఉదయం ఒకసారి చాలు.

ఫోను సిగ్నలు లేని చోటును ఉన్నట్టు చెప్పడం: ఏ కంపెనీ సిగ్నలు ఎక్కడ అందుతుందో గదివారీగా రాసి పెట్టండి.

ఈత తొట్టితో మొదలుపెట్టడం: నీటి లెక్క రెండు వేసవులు తట్టుకున్నాక ఆలోచించండి.

12. వచ్చే రోజు, వెళ్లే రోజు

వచ్చే రోజు ఉదయం ట్యాంకు నిండిందా, ఇన్వర్టరు పనిచేస్తోందా, టార్చిలు ఛార్జి అయ్యాయా, గ్యాసు సిలిండరు బరువుందా అని కాపలాదారు చూసి మీకు ఫోటో పంపాలి. అతిథి కారు దిగగానే మజ్జిగ ఇచ్చి, ఎండ ఉండగానే ఇల్లు, బావి, కంచె, మెయిన్ స్విచ్చు తిప్పి చూపించాలి. చీకటి పడ్డాక చూపిస్తే ఎవరికీ గుర్తుండదు.

వెళ్లే రోజు వారి కారు గేటు దాటకముందే మంచాల కింద, స్నానాల గది కొక్కేల మీద, ఛార్జరు ప్లగ్గుల దగ్గర, ఫ్రిజ్జులో చూడాలి. మరచిపోయేది సాధారణంగా ఈ నాలుగు చోట్లే. తర్వాత దుప్పట్లు తీసి, పరుపులు ఎండలో వేసి, నీలం వాల్వు తెరిచి, ఎర్ర వాల్వు మూసి ఉన్నదీ లేనిదీ చేత్తో తిప్పి చూసుకొని తాళం వేయాలి.